పుంగనూరు దారిలో పడిపోయిన పాటలు

హార్స్‌లీ కొండ ఎలా ఉందని ఇప్పటికి పదిమంది అడిగారు. నేను చూడలేదు. నేను పాఠాలు చెప్పే బడికి ఎండాకాలం సెలవులిచ్చాక భీమవరం నుంచి అంత దూరం వెళ్ళిన మాట నిజమే, కొండమీద రెండు రోజులు చల్లగా పడుకుందామనుకున్న మాటా నిజమే. తీరా అక్కడున్నన్నాళ్ళూ మదనపల్లె, పుంగనూరు, కుప్పం మధ్య గుండె చేత్తో పట్టుకుని తిరిగి వచ్చాను. అడిగిన ప్రతివాళ్ళకీ మొదటినుంచీ చెప్పలేక ఇది రాస్తున్నాను.

ముందు నా సంచిలో ఉన్న రెండు వస్తువుల సంగతి చెప్పాలి. రెండూ పాటలు వినే మిషన్లే. ఒకటి సబ్బుపెట్టె అంత ఉంటుంది. లోపల కంప్యూటర్లో ఉన్నట్టే ఒక డిస్కు తిరుగుతుంది. అయిదు వేల పాటలు పడతాయి. రెండోది చిటికెనవేలంత. అందులో తిరిగేది ఏదీ లేదు, ఒక చిప్పు మాత్రమే. అరవై పాటలు దాటితే నిండిపోతుంది గానీ మాటలు రికార్డు చేసుకోవడానికి చిన్న మైకు ఉంది. ప్రయాణాలకు చిప్పుదే తీసుకెళ్ళు పిన్నీ, డిస్కుది బల్లమీద పెట్టుకుని వినేది అని మా అక్క కొడుకు చెప్పాడు. వాడు అన్నీ చెబుతాడు. చిన్నది అప్పటికే రెండుసార్లు మేడమెట్ల మీద దొర్లింది, ఒకసారి నానబెట్టిన బట్టలతో బకెట్లో మునిగింది. ఎండలో పెడితే మళ్ళీ పాడింది. అయినా నాకు దానిమీద గౌరవం కలగలేదు. అయిదు వేలు పట్టేది చేతిలో ఉండగా అరవై పట్టే ముక్కను ఎవరు లెక్కచేస్తారు?

మదనపల్లె: ప్రార్థనలో వినిపించిన పేరు

కరుణ ఇంటర్లో నా హాస్టల్ గది పంచుకున్న మనిషి. ఈ ఊరి పిల్లే, ఇప్పుడు ఇక్కడి మిషన్ ఆసుపత్రిలో నర్సు. నేను దిగిన గురువారం మధ్యాహ్నం రాగిసంగటి ముద్ద పెట్టి, పక్కన చెనక్కాయల ఊరుబిండి, అంటే వేరుశనగ పచ్చడి, వేసింది. మా వైపు మూడు పూటలా అన్నమే కాబట్టి ఆ ముద్దను ఎటునుంచి మొదలుపెట్టాలో తెలియక చూస్తున్నాను. ఊళ్ళో టమాటా ధర అడిగితే నవ్వింది. మేము పావుకిలో కొనే డబ్బుకు ఇక్కడ బుట్టెడు ఇస్తున్నారట, పోయిన నెల ఇంతకు నాలుగింతలు ఉండిందట.

తినేముందు వాళ్ళింట్లో ప్రార్థన చేస్తారు. అందులో ఒక పేరు వినిపించింది: మునెప్ప. ఎవరని అడిగాను.

శాంతిపురం దగ్గరి పల్లెనుంచి వచ్చిన చెక్కభజన గురువని, చేతుల్లో చెక్కలు మోగిస్తూ గుండ్రంగా అడుగులు వేసే ఆట అదని చెప్పింది. గొంతులో గడ్డ. రేపు ఉదయం పది గంటలకు ఆపరేషన్. ప్రాణానికి భయం లేదు, గొంతు మాత్రం ఉండదని డాక్టర్లు ముందే చెప్పేశారు. ఎల్లుండి శనివారం సాయంత్రం ఆయన శిష్యులకు గెజ్జెపూజ. నాలుగు నెలలు నేర్చుకున్నవాళ్ళు మొదటిసారి కాళ్ళకు గజ్జెలు కట్టి ఊరిముందు ఆడే రోజు అది. నడుమ నిలబడి పాడాల్సినవాడు ఇక్కడ మంచంమీద ఉన్నాడు.

సాయంత్రం నన్ను వార్డుకు తీసుకెళ్ళింది. మునెప్పకు అరవై దాటి ఉంటాయి. మెడకు తువ్వాలు చుట్టుకుని, కాళ్ళు కిందికి వేలాడేసి కూర్చున్నాడు. మాట గరగరగా ఉంది. శిష్యులకు పాటలు రావా, వాళ్ళే పాడుకోలేరా అని అడిగాను. ఆయన నన్ను జాలిగా చూశాడు. వాళ్ళ పద్ధతి వేరట. శిష్యులకు అడుగు నేర్పుతారు, చెక్కల దెబ్బ నేర్పుతారు, అందుకోవడానికి పల్లవి నేర్పుతారు. చరణాలు చెప్పరు. గెజ్జెపూజలో గురువు పాడగా మొదటిసారి వినాలి, ఆ తర్వాతే నేర్పాలి. ముందే చెప్పేస్తే సగంలో మానేసి పోతారని ఆయన గురువు పెట్టిన కట్టడి.

"తొమ్మిది పాటలుండాయమ్మా. రాసుకుందామంటే నాకు యాలిముద్రే గానీ అచ్చరం రాదు. రేపట్నించి నోరు కూడా రాదు. యాడన్నా టేపురికార్డు ఉండాదేమో సూడండి" అన్నాడు.

కరుణ దగ్గర టేపురికార్డరు ఉంది. తెస్తానని లేచింది కూడా. నేనే వద్దన్నాను. క్యాసెట్టు తెగుతుంది, సాగుతుంది, చిక్కుపడుతుంది, ఏ కాలంలో ఉన్నారు మీరు అన్నాను. సంచిలోంచి రెండూ తీసి చూపించి, చిన్నదాంట్లో రికార్డు చేసి పెద్దదాంట్లో భద్రంగా దాస్తానని, నేనే స్వయంగా తీసుకెళ్ళి ఆయన ఊళ్ళో ఇస్తానని చెప్పాను. చిన్నదాంట్లో చోటు కోసం నా సినిమా పాటలన్నీ తీసేశాను. అదేదో త్యాగం చేసినట్టు అనిపించింది కూడా.

ఆయన పాడాడు. ఒక్కో పాటకూ మధ్య కరుణ నీళ్ళు పట్టేది. ఆరో పాటకు గొంతు తెగినట్టు అయ్యింది, కరుణ చాలన్నది. ఆయన చేయి అడ్డం పెట్టి మళ్ళీ ఎత్తుకున్నాడు. పక్క మంచాలవాళ్ళు లేచి కూర్చున్నారు. తొమ్మిదోది అయ్యాక ఆ చిన్న మిషనును తువ్వాలుతో తుడిచి నా చేతిలో పెట్టాడు.

"జాగ్రత్త తల్లీ" అన్నాడు. నాతో ఆయన నోటితో అన్న ఆఖరు మాట అది.

అయిదు సినిమా పాటలు

శుక్రవారం పొద్దున టమాటా మండీకి దగ్గర్లో ఉన్న నెట్ సెంటరుకు వెళ్ళాను. తొమ్మిది పాటలనూ చిన్నదాంట్లోంచి పెద్దదాంట్లోకి మార్చాను. కాపీ చేసి రెండుచోట్లా ఉంచవచ్చు. ఉంచలేదు. బస్సు కుదుపుల్లో పెద్దది వాడకూడదు, నేనూ ఏవైనా వినాలి కదా, నా సినిమా పాటలు తిరిగి ఎక్కించుకోవాలంటే చిన్నది ఖాళీ చెయ్యాలి. అంతే కారణం. ఇంతకంటే పెద్ద కారణం ఉంటే బాగుండునని ఇప్పటికీ అనుకుంటాను.

అరవై పాటలు ఎంచుకుని ఎక్కించడం మొదలుపెట్టాను. అయిదు ఎక్కేసరికి కరెంటు పోయింది. ఎప్పుడొస్తుందో తెలియదన్నారు. వెధవ కరెంటని తిట్టుకుంటూ బస్టాండుకు నడిచాను. ఆ కరెంటుకు నేనెంత రుణపడి ఉన్నానో అప్పుడు నాకు తెలియదు.

పుంగనూరు దారిలో

వెనక సీటు దొరికింది. పక్కన రాజమ్మ అనే ఆవిడ కూర్చుంది. ఒడిలో టిఫిన్ క్యారియరు, నోట్లో వక్కాకు. ఆ బస్సుకు కమాన్లు ఉన్నాయో లేవో గానీ గుంట వచ్చిన ప్రతిసారీ మేమిద్దరం లేచి కూర్చుంటున్నాం. చిన్నదాంట్లో ఉన్న అయిదు పాటలూ అయిపోయాయి. అప్పుడు నేను పెద్దది తీసి ఒడిలో పెట్టుకుని మునెప్ప పాటలు పెట్టాను. డిస్కు తిరుగుతున్నప్పుడు కుదుపు తగలకూడదని అక్క కొడుకు చెప్పిందే చెప్పేవాడు. గుర్తుంది. ఒక్క పాటే కదా అనుకున్నాను.

రాజమ్మ నా చెవిలోని వైరునే చూస్తోంది. ఒక కొస ఆవిడ చెవిలో పెట్టాను. రెండు చరణాలు విని నా చేయి పట్టుకుంది.

"మునెప్ప కదమ్మా ఇది? మా పుట్టింటూర్లో నేర్పించినాడు. బాగుండాడా?"

చెప్పేలోపల బస్సు బ్రేకు కొట్టింది. రోడ్డుకు అడ్డంగా ఆవు, పుంగనూరు పేరు చెబితే అందరికీ గుర్తొచ్చే పొట్టి ఆవు, నడుమెత్తు కూడా లేదు. రాజమ్మ క్యారియరును కాపాడుకుంటూ ముందుకు పడింది. వైరు ఆవిడ చెవిలోనే ఉంది. వైరుతోపాటు పెట్టె నా ఒడిలోంచి లేచి, ముందు సీటు ఇనపకడ్డీకి తగిలి, రేకు నేలమీద పడింది.

తీసి చూశాను. ఒక గీత కూడా పడలేదు. చెవికి ఆనిస్తే లోపల టిక్, టిక్, టిక్ అంటోంది. పాట ఆగిపోయింది.

పుంగనూరు: ఖాదర్ బాషా కొట్టు

పాపం రాజమ్మ తనవల్లే జరిగిందనుకుంది. నా వల్లే అని ఎంత చెప్పినా వినకుండా, ఊళ్ళో రేడియోలు బాగుచేసే ఖాదర్ బాషా కొట్టుకు చెయ్యి పట్టుకుని నడిపించి తన ఊరి బస్సెక్కింది. కొట్టంతా విప్పిన టేపురికార్డర్లే. ఆయన పెట్టెను చెవికి ఆనించుకుని కళ్ళు మూసుకుని విన్నాడు, డాక్టరు గుండె విన్నట్టే.

"క్యాసెట్టు తెగితే గోళ్ళరంగు పూసి అతికిస్తానమ్మా. రెండు మాటలు పోతాయి, పాట ఉంటాది. దీంట్లో ముల్లు పళ్ళెం మీద పడి గీకతాండాది. నేను ఇప్పితే దుమ్ము పడి ఉండేది కూడా పోతాది. ఇంక ఆన్ చెయ్యొద్దు."

చిన్నదాంట్లో ఏమన్నా మిగిలాయేమో చూద్దామన్నాడు. స్పీకరుకు తగిలించాడు. డప్పులతో, ఈలలతో నా సినిమా పాట కొట్టంతా దద్దరిల్లేలా మోగింది. పక్కన టీ తాగడానికి వచ్చిన ఇద్దరు తల ఊపుతూ నిలబడ్డారు. నేను ముందుకు ఉరికి దాన్ని ఆపాను.

వెనక్కి వెళ్ళి మళ్ళీ పాడించుకుందామని ఎదురుగా ఉన్న ఎస్టీడీ బూతులోకి పరుగెత్తాను. పన్నెండు కావస్తోందని నాకు తెలుసు. పది గంటలకని చెప్పారనీ తెలుసు. ఒక్కోసారి ఆలస్యమవుతుంది కదా. కరుణ లైన్లోకి వచ్చింది.

"సరిగ్గా పదికే తీసుకుపోయినారు. ఇంకా లోపలే ఉండాడు. పోతా పోతా అడిగినాడు, పాటలు భద్రమేనా అని. భద్రమేనని చెప్పినాను. భద్రమే కదా?"

"భద్రమే" అన్నాను.

ఎందుకలా అన్నానో ఇప్పటికీ తెలియదు. ఫోను పెట్టేశాక బూతులోంచి బయటికి రావడానికి చాలాసేపు పట్టింది.

వి.కోట: ఒక్కసారే

పలమనేరులో బస్సు మారి వి.కోట చేరేసరికి ఎండ తిరిగింది. ఒకే టీకొట్టులో మూడు భాషలు వినిపిస్తాయక్కడ. బోండా తెలుగులో అడిగి, ధర కన్నడంలో విని, చిల్లర కోసం తమిళంలో పోట్లాడుకుంటారు. మరో రోజయితే నవ్వుకుంటూ కూర్చునేదాన్ని. ఆ రోజు బోండా ఒకసారి కొరికి పక్కన పెట్టాను. పెట్టెను పాత చీరలో చుట్టి పసిపిల్లను పట్టుకున్నట్టు ఒడిలో పట్టుకున్నాను. ఇంత జాగ్రత్త పొద్దున ఉండాల్సింది.

ఆన్ చెయ్యొద్దన్నాడు ఖాదర్ బాషా. నేను చేశాను. ఒక్కసారే చూద్దామని, పడినప్పుడు ఏదో కదిలి ఇప్పుడు సర్దుకుని ఉంటుందని. టిక్ మంది, టిక్ మంది, బరబరా గీకింది. ఆ తర్వాత ఆ చప్పుడు కూడా రాలేదు.

కుప్పం: సెల్వి అడిగిన ప్రశ్న

నేను వస్తున్నానని కరుణ ముందే కబురు చేసింది కాబట్టి కుప్పం బస్టాండులో నారాయణప్ప నాకోసం నిలబడి ఉన్నాడు. శిష్యుల్లో పెద్దవాడు, గ్రానైటు క్వారీలో రాయి కోసే పని. రెప్పలమీద కూడా తెల్లటి దుమ్ము. ఆయనతో అబద్ధం చెప్పలేకపోయాను. ఉన్నదున్నట్టు చెప్పి తల దించుకున్నాను. ఆయన నా సంచి అందుకుని, "పొద్దన్నుంచి ఏమన్నా తినినారా టీచరమ్మా?" అన్నాడు. తిట్టినా బాగుండేది.

క్వారీలో ఒకాయన కూతురి పెళ్ళి ఫోటోలు కంప్యూటర్లో పోతే సెల్వి అనే ఆవిడ వెనక్కి తెచ్చిందని ఆయనకు గుర్తొచ్చింది. అప్పటికే ఆమె దుకాణం మూసేసి వెళ్ళిపోయింది. ఆ రాత్రి నారాయణప్ప ఇంట్లో వాళ్ళు పెట్టింది తిన్నాను. ఏం తిన్నానో గుర్తులేదు.

శనివారం తొమ్మిదికల్లా సెల్వి దుకాణం ముందున్నాం. ఆమె పెద్ద పెట్టెను ఒక్క నిమిషంలో పక్కన పెట్టేసింది. బెంగుళూరు తీసుకుపోతే ఎవరైనా విప్పుతారేమో, ఇవాళ మాత్రం కాదంది. మొదట దేంట్లో రికార్డు చేశారని అడిగింది. చిన్నది చూపించాను.

"దీంట్లోంచి తీసేసినాక మళ్ళా ఏమన్నా వేసినారా?"

అర్థం కాలేదు. ఆమె ఓపిగ్గా చెప్పింది. చిప్పులోంచి పాట తీసేస్తే పేరు మాత్రమే పోతుందట. దాని మీద ఇంకొకటి వచ్చి కూర్చునేదాకా లోపల పాట అలాగే ఉంటుందట. ఏమీ వేసి ఉండకపోతే అన్నీ దొరుకుతాయి.

"అరవై వేద్దామనుకున్నాను, అయిదు సినిమా పాటలు ఎక్కేసరికి కరెంటు పోయింది" అన్నాను. నారాయణప్ప నావైపు చూడలేదు. చూడకపోవడమే నయం.

"అరవయ్యీ వేసుంటే నేను ముట్టుకునేదాన్నే కాదు" అంది సెల్వి, కుర్చీ ముందుకు జరుపుకుంటూ.

వెతకడం మొదలైంది. తెరమీద నీలం గీత చీమలా కదులుతోంది. ఆ ఊళ్ళో రోజూ పదకొండుకు కరెంటు తీస్తారు. ఇన్వర్టరు పాడై వారమైంది. గీత సగానికి రావడానికే పదిన్నర అయ్యింది. నారాయణప్ప గోడ గడియారాన్ని, నేను గీతను చూస్తూ కూర్చున్నాం. ఎవరో జిరాక్సు కోసం వస్తే మిషన్ వేస్తే కంప్యూటరుకు కరెంటు చాలదని సెల్వి పంపించేసింది. పదకొండుకు నాలుగు నిమిషాలుండగా గీత నిండింది.

నాలుగు పాటలు పూర్తిగా వచ్చాయి. ఒకటి సగం వచ్చింది. నాలుగు పోయాయి.

ఉన్నవి కంప్యూటర్లో ఒకసారి, సీడీలో ఒకసారి పెడుతుండగానే ఫ్యాను ఆగిపోయింది. సీడీ అప్పుడే బయటికి వచ్చింది. నారాయణప్ప దాన్ని చొక్కాలోపల, ఒంటికి ఆనించి పెట్టుకున్నాడు. క్యాసెట్టులోకి కూడా ఎక్కించుకుంటాం, ఇంక ఒక్కదాన్ని నమ్మేది లేదన్నాడు. తిట్టింది లేదు గానీ ఆ మాట నాకు సూటిగా తగిలింది.

శాంతిపురం: తొమ్మిది చుట్లు

పొద్దుగుంకకముందే పల్లె ముందర కళ్ళాపి చల్లి ముగ్గు వేశారు. పదహారుమంది మగవాళ్ళు, ఎక్కువమంది రాయి కోసేవాళ్ళే, చేతుల్లో చెక్కలు పట్టుకుని గుండ్రంగా నిలబడ్డారు. మా వైపు భజనంటే కూర్చుని చేసేది. ఇక్కడ కాళ్ళతో చేస్తారు. గురువు నిలబడే చోట ఒక పీట వేసి, దానిమీద మునెప్ప చెక్కలు పెట్టి, పక్కన స్పీకరు పెట్టారు.

నా తప్పు ఊరందరికీ చెప్పమని నారాయణప్పను అడిగాను. చెప్పాల్సిన పని లేదన్నాడు. తొమ్మిది పాటలకు తొమ్మిది చుట్లు నేర్చుకున్నాం, తొమ్మిదీ ఆడతామన్నాడు.

పాట ఉన్న చుట్టుకు మునెప్ప గొంతు స్పీకర్లోంచి లేచింది. ఆసుపత్రిలో కరుణ నీళ్ళు పట్టే చప్పుడు, పక్క మంచంవాళ్ళ దగ్గు కూడా వినిపించాయి. శిష్యులు ఆ చరణాలను జీవితంలో మొదటిసారి వింటూ ఆడారు. పాట లేని చుట్టు వచ్చినప్పుడు పల్లవి ఒక్కటి పాడి, ఆ తర్వాత ఉత్త అడుగులు వేశారు. గజ్జెలు, చెక్కలు, మధ్యలో పీట. అలా నాలుగుసార్లు. ప్రతిసారీ నాకు నా సినిమా పాటల్లో ఒకటి చెవిలో మోగింది. ఆపుకోవడం నా వల్ల కాలేదు.

సగం పాట ఏడో చుట్టులో వచ్చింది. సభలో ద్రౌపది అన్నను పిలిచే పాట. చీర లాగుతుంటారు, ఆమె ఒక్కొక్కరి ముఖం చూసి, చివరికి చేతులు రెండూ ఎత్తి కృష్ణుణ్ణి పిలుస్తుంది. పిలుపు దగ్గర కరకరమని ఆగిపోయింది. కృష్ణుడు రాలేదు. పదహారుమందీ అడుగు తప్పకుండా చుట్టు పూర్తిచేశారు. నా పక్కన నిలబడిన ముసలావిడ "ఆమైన?" అని, తర్వాత ఏమైందని ఎవరినో అడిగింది.

మళ్ళీ మదనపల్లె

భీమవరం రైలుకు కుప్పం నుంచే వెళ్ళిపోవచ్చు. వెళ్ళలేదు. సోమవారం మునెప్ప మంచం పక్కన కూర్చున్నాను. మెడంతా కట్టు, గొంతు దగ్గర గొట్టం. నన్ను చూసి కళ్ళతో నవ్వాడు. అదే కష్టమయ్యింది. క్యాసెట్టు వద్దన్న దగ్గరనుంచి కరుణకు ఫోన్లో చెప్పిన అబద్ధం దాకా ఒక్కటీ దాచకుండా చెప్పాను. కరుణ కిటికీవైపు తిరిగింది. నాకు ఏడుపొచ్చింది, ఆపుకోలేదు.

ఆయన చేయి చాచాడు. దొరికిన పాటలను సెల్వి కంప్యూటర్లోంచి తిరిగి చిన్నదాంట్లోకి ఎక్కించుకుని తెచ్చాను. చెవుల్లో పెట్టాను. తన గొంతు తనే వింటూ కూర్చున్నాడు. పాట ఏదో నాకు వినిపించదు, మంచం ఇనపచట్రం మీద ఆయన వేలు వేసే తాళం మాత్రం వినిపిస్తోంది.

కాసేపటికి ముఖం మారింది. ద్రౌపది పాట మొదలైందని తెలిసింది. పిలుపు దగ్గర ఆగినట్టుంది, అలవాటు కొద్దీ అందుకోబోయి నోరు తెరిచాడు. గొట్టంలోంచి గాలి వచ్చింది. నోరు మూసుకున్నాడు. చెవుల్లోంచి వైరు తీసి పక్కన పెట్టాడు.

వేలు మాత్రం ఆగలేదు. చట్రం మీద తాళం నడుస్తూనే ఉంది. ఒకచోట నెమ్మదించింది, ఒకచోట పరుగెత్తింది, ఒకచోట రెండో చేయి కూడా కలిసింది. కృష్ణుడు వచ్చాడని ఆయన ముఖం చూస్తే తెలిసింది. ఆ పాట ఆయనలో చివరిదాకా ఉంది, పోయిన నాలుగూ ఉన్నాయి, ఒక్క మాట చెరిగిపోలేదు. పక్కనే కూర్చున్న నాకు ఇనప చప్పుడు తప్ప ఏమీ అందలేదు.

తాళం అయ్యాక ఆయన నా చేతిమీద రెండుసార్లు తట్టి, ఇంక వెళ్ళిరమ్మన్నట్టు తలుపువైపు చూపించాడు.